కొండను తొలిచి కాపురం పెట్టిన ఊరు

మా అమ్మాయి మేధకు ఎనిమిదేళ్ళు. ఒకరోజు బళ్ళో దానికి అమెరికా ఎడారి లోయల్లోని పాత ఇళ్ళ ఫొటోలు చూపించారట. నిట్టనిలువు కొండ గోడల నడుమ, నిచ్చెన వేసుకుంటే తప్ప అందని ఎత్తులో, వందల ఏళ్ళ కింద మనుషులు కాపురం చేసిన రాతి ఇళ్ళు. ఇంటికి రాగానే భుజాన సంచి కూడా దించకుండా మనం అక్కడికి ఎప్పుడు వెళ్తున్నామని జర్మన్‌లో మొదలుపెట్టింది. నేను ఏ ప్రశ్నకైనా తెలీదు, కుదరదు అని చెప్పే మనిషిని కాను. ఓ గంట కూర్చుని వెతికి, "అంత దూరమెందుకురా, మన జర్మనీలనే కొండను తొలిచి కట్టుకున్న ఇండ్లున్నయి. హార్త్స్ కొండల పక్కన లాంగెన్‌స్టైన్ అని ఊరు. వచ్చే శుక్రవారం పోతున్నం," అని ప్రకటించేశాను.

నా భార్య స్వప్న అప్పుడే ఏదో అనబోయి ఊరుకుంది. ఏమనబోయిందో నాకు తెలుసు. ఉన్న ఇల్లు పోతుంటే ఎవరివో పాత ఇళ్ళు చూడ్డానికి యాత్ర ఏమిటని.

మేం జర్మనీ దక్షిణాన బ్యోబ్లింగెన్‌లో నాలుగేళ్ళుగా ఒకే ఇంట్లో అద్దెకుంటున్నాం. నెలన్నర కింద ఓనరు దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది. కొడుక్కి పెళ్ళవుతోంది, ఇల్లు అతనికి కావాలి, మూడు నెలల్లో ఖాళీ చేయండి అని. సొంత అవసరం అని ఓనరు రాసిస్తే ఇక్కడ చట్టం అతని వైపే ఎక్కువ మొగ్గుతుంది. అప్పట్నుంచి ముప్పైకి పైగా ఇళ్ళకు అప్లికేషన్ పెట్టాం. ఇద్దరు చూడ్డానికి పిలిచారు, చూసొచ్చాక ఇద్దరూ పలకలేదు. అక్టోబర్ ఆఖరుకు సామానుతో సహా రోడ్డు మీద నిలబడతామేమోనన్న భయం స్వప్న ముఖంలో రోజూ కనబడేది.

ఈ సంగతి మా ఇద్దరికీ తప్ప మూడో మనిషికి తెలియదు. తెలియనివ్వలేదు నేను. ఎందుకంటే నేను రాజేందర్ అన్నను. హనుమకొండ నుంచి వచ్చి పన్నెండేళ్ళయింది. ఈ చుట్టుపక్కల ఏ తెలుగు పిల్ల దిగినా, పిల్లగాడు దిగినా, ఆఫీసుల్లో టెర్మిన్, అంటే అపాయింట్‌మెంట్, ఎట్లా తీసుకోవాలి, చిరునామా నమోదుకు, అదే అన్‌మెల్డుంగ్‌కు, ఏ కాగితం పట్టుకెళ్ళాలి, మీటె, అంటే అద్దె, ఎంతయితే న్యాయం, అన్నీ నన్నే అడుగుతారు. అందరికీ ఇళ్ళు చూపించినవాడికి ఇల్లు లేదంటే నా పరువేం కావాలి?

మొదటి రోజు: ఒంటరి రాయి

సెప్టెంబర్ రెండో వారం. పొద్దున్నే బయల్దేరాం. స్టీలు డబ్బాలో పులిహోర, మేధకు ఆపిల్ ముక్కలు, నాకు ఫ్లాస్కు నిండా చాయ్. ఫోన్‌లో లాంగెన్‌స్టైన్ అని కొట్టాను, అది దారి చూపించింది, నేను నడిపాను. దారిలో పెట్రోల్ బంకు దగ్గర స్వప్న, "ఎందుకైనా మంచిది, లోపట ఆ కౌంటర్ల కూసున్నామెను ఒక్కసారి అడుగుదాం. హార్త్స్ అంటే ఇటు కాదేమో అనిపిస్తున్నది," అంది.

"ఫోన్ ఉండంగ మనుషులనెందుకు అడుగుడు?" అన్నాను.

మధ్యాహ్నానికి చేరుకున్నాం. చక్కటి ఊరు. గోడల్లో చెక్క దూలాలు కనబడే పాత ఇళ్ళు, కిటికీల్లో ఎర్ర పూలు, నడుమ ఒక చర్చి. చర్చి ప్రహరీ గోడలో ఒక రాయి నిలబడి ఉంది. ఇద్దరు మనుషులను ఒకరి మీద ఒకరిని ఎక్కించినా కొస అందదు. మనుషులు రాత నేర్వకముందు ఎవరో నిలబెట్టిన రాయట. బాగానే ఉంది గానీ, కొండేదీ? ఇళ్ళేవీ?

పక్క ఇంటి ముందు ఒక ముసలాయన గేటుకు రంగు వేస్తున్నాడు. అడగక తప్పలేదు. ఆయన బ్రష్ పట్టుకునే నవ్వాడు. "గుహ ఇళ్ళా? అవి ఇంకో లాంగెన్‌స్టైన్‌లో. ఇది హెస్సెన్ రాష్ట్రం. అది హార్త్స్ అవతల. కారులో మూడు గంటలు," అన్నాడు. "మీరు మొదటివాళ్ళు కాదులెండి," అని ఓదార్చాడు కూడా. తమ ఊరి రాయి మాత్రం చూసే వెళ్ళాలని పట్టుబట్టి, రంగు చేతులతోనే గోడ దాకా వచ్చి దాని కథంతా చెప్పాడు.

స్వప్న వెళ్ళి కార్లో కూర్చుంది. పక్క ఊళ్ళో బేకరీ చూసి ప్లమ్ పళ్ళ కేకు కొనిచ్చాను, ముక్క మూడు యూరోలకు ఇరవై సెంట్లు తక్కువ. ఈ కేకులో తీపి కంటే పులుపు ఎక్కువ. మనవాళ్ళకు మొదటి ముద్ద మింగుడు పడదు, మూడో ముద్దకు వదలబుద్ధి కాదు. అది తిన్నాక స్వప్న, "మూడు గంటల దూరం పోగొట్టుకునుడు, మూడు నిమిషాలు అడగలేక," అని ఒక్క మాట అంది.

పాడర్‌బోర్న్: సర్వపిండి

గుహ ఇళ్ళు ఇక మర్నాటికే. తిరుగు దారిలో పాడర్‌బోర్న్‌లో శ్రావ్య దగ్గర ఆగాలనుకున్నాం. దాన్నే ముందుకు జరిపాం. శ్రావ్యది నిజామాబాద్, అక్కడ కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్ చేస్తోంది. రెండేళ్ళ కింద దేశం దిగినప్పుడు నెలరోజులు మా ఇంట్లోనే ఉంది. ఫోన్ చేస్తే ఎగిరి గంతేసింది.

ముగ్గురమ్మాయిలతో కలిసి ఉండే ఇల్లు. ఫ్రిజ్‌లో ఒక్కో అర మీద ఒక్కో పేరు, ఏ వారం ఎవరు బాత్రూం కడగాలో గోడ మీద పట్టిక. మన దగ్గర నలుగురు ఒక గదిలో ఉంటే పాల ప్యాకెట్ ఎవరిదో ఎవరికీ గుర్తుండదు. ఇక్కడ ఒక కోడిగుడ్డు తగ్గితే మీటింగ్ పెడతారట. కొత్తల్లో శ్రావ్య తన కూర అందరికీ వడ్డించి, వాళ్ళ చీజ్ ముక్క అడగకుండా తినేసి మాట పడిందట. చెప్పి చెప్పి నవ్వింది.

మాకోసం సర్వపిండి చేసింది. బియ్యప్పిండిలో పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి, మూకుడు లేక పాన్‌కే ఒత్తి, వేళ్ళతో చిల్లులు పెట్టి మూతేసి కాల్చింది. అంచు కరకరలాడుతుంటే కారం చెవుల దాకా ఎక్కింది. ఆ నాలుగు ముక్కలకు నేను మూడు గంటల దారి పోగొట్టుకున్న సంగతి మరిచిపోయాను.

"ఇల్లు ఎట్లున్నది అన్నా? బాల్కనీల నా పుదీన కుండ ఉన్నదా?" అంది శ్రావ్య.

"అంతా మంచిగున్నది," అన్నాను.

స్వప్న తినడం ఆపి నావైపు చూసింది.

"అన్నా, ఒక మాట అడుగుత, ఏమనుకోవద్దు. మా జూనియర్ ఒకమ్మాయికి మీ దిక్కే సీటొచ్చింది. వీసా లేటయ్యింది, నవంబర్ల దిగుతది. రెండు వారాలు మీ ఇంట్ల ఉంచుకుంటరా? భయపడుతున్నది పాపం."

నవంబర్. మాకే అప్పటికి ఇల్లుండదు. కానీ శ్రావ్య నమ్మకంగా చూస్తోంది, నా నోరు నా మాట వింటుందా? "ఓ, దానికేముంది, పంపించు. మన ఇల్లే అనుకొమ్మను," అనేశాను.

స్వప్న లేచి ప్లేట్లు కడగడానికి వెళ్ళింది. ఆ ఇంట్లో ఆ వారం గిన్నెల వంతు ఇంకెవరిదో.

రెండో రోజు: అసలు లాంగెన్‌స్టైన్

ఈసారి పిన్‌కోడ్‌తో సహా కొట్టాను. తూర్పుకు పోయినకొద్దీ పచ్చదనం తగ్గింది. మబ్బులన్నీ హార్త్స్ కొండల అవతలే కురిసి, ఇవతలకు ఖాళీగా వస్తాయట. కోసేసిన గోధుమ చేలు పసుపుపచ్చగా, ఎండిన గడ్డి, నడుమ నడుమ ఇసుకరాతి గుట్టలు. ఎడారి కాదు గానీ, జర్మనీలో ఎడారి అని నమ్మించాలంటే ఇక్కడికే తీసుకురావాలి. మేధ నమ్మేసింది.

ఊరి చివర చిన్న గుట్ట. గుట్ట చుట్టూ వరసగా తలుపులు. చెక్క తలుపు, పక్కన నాలుగు అద్దాల కిటికీ, పైన ఇల్లు లేదు, కప్పు లేదు, గడ్డి మొలిచిన కొండ. గడ్డి మధ్యలోంచి ఒక పొగగొట్టం పైకొచ్చి ఉంది.

తాళాల గుత్తి పట్టుకుని ఒకావిడ నిలబడి ఉంది. పేరు హనెలోరె, డెబ్బై దాటి ఉంటాయి. ఈ ఇళ్ళను బాగుచేసి చూసుకునే ఊరివాళ్ళలో ఒకరు. టికెట్ లేదు, తలుపు దగ్గర డబ్బా ఉంది, తోచింది వేయొచ్చు. ఆమె తలుపు తీయగానే మేం ముగ్గురం మామూలుగా బూట్లు విప్పి పక్కన పెట్టాం. ఆమె ఆగిపోయింది.

"ఇక్కడ ఎవరూ విప్పరు. నేల మురికి," అంది.

"ఇల్లు కదా," అంది మేధ.

హనెలోరె దాన్ని ఒక క్షణం చూసి, తన బూట్లకేసి చూసుకుని, విప్పలేదు గానీ గడప దగ్గర గట్టిగా రుద్ది తుడుచుకుంది.

లోపల మొదటి గది కిటికీ వెలుగులో బాగానే ఉంది. బల్ల, రెండు కుర్చీలు, ఇనుప పొయ్యి. దాని వెనక పడకగది, మంచం నా పొడుగులో సగం కంటే కాస్త ఎక్కువ. దానికి కిటికీ లేదు. పక్కన వంటిల్లు, వంటింట్లోంచి నిలువునా కొండలోకి తొలిచిన పొగ దారి. గిన్నెలకు గోడలోనే గూళ్ళు. చేత్తో తడిమితే గోడంతా ఉలి గాట్లు. ఏ గాటుకు ఆ గాటు విడిగా తెలుస్తోంది. సాక్సుల్లోంచి చల్లటి తేమ పాదాల్లోకి ఎక్కుతుంటే నాకు ఒళ్ళు జలదరించింది.

ఇవి అమెరికా లోయల ఇళ్ళంత పాతవి కావు. నూట యాభై ఏళ్ళ పైమాట, అంతే. కానీ కథ మాత్రం నేననుకున్నది కాదు. ఆదిమానవులు, వేటగాళ్ళు అని దారి పొడుగునా మేధకు ఉపన్యాసమిచ్చాను. హనెలోరె చెప్పింది వేరు. ఇవి కొత్తగా పెళ్ళయిన కూలివాళ్ళ ఇళ్ళు. జమీందారు పొలాల్లో పని ఉంది, ఊళ్ళో వాళ్ళకు ఇల్లు లేదు. ఉన్న ఇళ్ళన్నీ నిండిపోయాయి. వాళ్ళు పోయి ఊరి పెద్దలను అడిగారు. ఊరివాళ్ళు ఈ గుట్ట చూపించి, తవ్వుకోగలిగితే తవ్వుకోండి అన్నారు. పగలు పొలంలో పని, పొద్దుగూకాక కొండలో పని. మగవాళ్ళు తొలిస్తే ఆడవాళ్ళు రాతిపొడి ఎత్తి పోసేవాళ్ళు. ఒక గది అవగానే అందులో దిగి, అక్కడే ఉంటూ వెనక గది తొలుచుకునేవాళ్ళు.

"మా అమ్మమ్మ వాళ్ళమ్మ ఆ వెనక గదిలో పుట్టింది. చలికాలం ఊళ్ళో ఇళ్ళకంటే ఇక్కడే వెచ్చగా ఉండేదని చెప్పేదట," అంది హనెలోరె.

"ఎన్ని నెలలు పట్టింది? కప్పు బరువు ఎట్లా లెక్కేసుకున్నారు?" అని నేను అడుగుతుండగానే, మేధ కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని చక్కటి జర్మన్‌లో చెప్పేసింది: "మాకు కూడా ఇల్లు లేదు. అక్టోబర్‌లో ఖాళీ చేయాలి. ఎక్కడికి వెళ్తామో డాడీకి కూడా తెలీదు. కానీ ఎవరికీ చెప్పకూడదు."

దానికి తెలుసని నాకు తెలియదు. తలుపులేసుకుని మేం గుసగుసగా మాట్లాడుకున్నదంతా అది విన్నదన్నమాట.

హనెలోరె నన్ను చూసింది. "నిజమేనా?"

"వెతుకుతున్నాం. వెబ్‌సైట్లలో రోజూ అప్లై చేస్తున్నాను," అన్నాను.

"అది కాదు. మనుషుల్లో ఎవరికి చెప్పారు?"

పన్నెండేళ్ళలో జర్మనీలో ఎవరైనా నన్నడిగిన ప్రశ్నకు జవాబు లేకపోవడం అదే మొదటిసారి. అబద్ధమాడదామన్నా మేధ ఉంది.

"మా వాళ్ళు సిగ్గుపడి కూర్చుంటే ఈ కొండ వాళ్ళకెవరు చూపించేవాళ్ళు?" అంది ఆమె. కోపంగా కాదు, దారి చెప్పినట్టు మామూలుగా.

వంటింట్లో స్వప్న గోడకు ఆనుకుని ఏడుస్తోంది. నేను దగ్గరికెళ్తే, "అంత పెద్దామె, ముక్కు మొగం తెలువని మనిషి అడిగింది. మీ నోట్ల మాట లేదు. నెలన్నరాయె, మా అమ్మకు చెప్పలే, పక్కింటామెకు చెప్పలే, మీ పరువు కోసం నేను ఒక్కదాన్నే భయపడుతున్న," అంది. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను. క్షమించు అని ఇంగ్లిష్‌లోనో జర్మన్‌లోనో అయితే రోజుకు పదిసార్లు అంటాను. తెలుగులో నా భార్యతో ఎప్పుడూ అనలేదు, అప్పుడూ అనలేదు. చాలా సిగ్గుగా అనిపించింది.

తర్వాత ఊరి పైన పాత కోట శిథిలాల కింద ఇంకా పాత గుహలు చూశాం. అవి ఎన్ని వందల ఏళ్ళవో. మేధ ప్రతి గదిలోకీ దూరి, ఇది వంటిల్లు, ఇది నా గది అని పంచేసింది. డబ్బాలో ఇరవై యూరోల నోటు వేసి వచ్చాం.

ఆ సాయంత్రం: వాసన చీజ్

బస చేసిన ఇంటావిడ సాయంత్రం హార్త్స్ చీజ్ పెట్టింది. చేతి వేలంత పొడుగు, పసుపు రంగు, పైన జీలకర్ర లాంటి గింజలు. వాసన గురించి మర్యాదగా చెప్పడం నావల్ల కాదు. ఉల్లిపాయ ముక్కలు, నూనె వేసుకుని తినాలట. మన ఎండుచేపకు ముక్కు మూసుకునే జర్మన్లు దీన్ని లొట్టలేసుకుంటూ తింటారు. నేను తిన్నాను. నాకు నచ్చింది. స్వప్న కిటికీ తెరిచింది.

అప్పుడే శ్రావ్యకు ఫోన్ చేశాను. "బిడ్డా, నవంబర్ల ఆ అమ్మాయిని మా ఇంటికి పంపియ్యకు. మాకే ఇల్లు లేదు. నిన్న నీకు అబద్ధం చెప్పిన," అన్నాను.

"అయ్యో, ఏందన్నా గిట్ల? ఎవ్వరికి చెప్పకుండ ఎట్లున్నరు?" అంది. తర్వాత గొంతు మార్చి, "గ్రూపుల పెట్టుండ్రి అన్నా. మాకు చెప్పేది మీరే కదా, అడగంది ఎవరిస్తరని," అంది.

నా మాటలు నాకే వడ్డించింది. చీజ్ కంటే ఘాటుగా ఉన్నాయి.

మూడో రోజు: ఇంటి దారి

పొద్దున్నే బయల్దేరి, పెద్ద రోడ్డెక్కాక గ్యోటింగెన్ ఊరు రాకముందు ఒక పార్కింగ్‌లో కారాపాను. చాయ్ లేదు, మిషన్ కాఫీ మూడు యూరోలు, నీళ్ళలా ఉంది. ఫోన్ తీసి మా తెలుగువాళ్ళ గ్రూపులో మెసేజ్ టైప్ చేశాను. పంపేముందు స్వప్నకు చూపించాను, మెచ్చుకుంటుందని.

ఆమె చదివి ఫోన్ తిరిగిచ్చింది. "తెలిసిన ఫ్యామిలీకి ఇల్లు కావాలి అని రాసిండ్రు."

"అందరూ గట్లనే పెడతరు కదా."

"ఆ తెలిసిన ఫ్యామిలీ ఎవరు?"

చెరిపేశాను. 'మాకు' అని కొట్టాను. 'రాజేందర్, స్వప్న, మేధ. అక్టోబర్ ఆఖరుకు ఇల్లు ఖాళీ చేయాలి. ఎక్కడైనా ఉంటే దయచేసి చెప్పండి.' రెండు లైన్లు రాసేసరికి కాఫీ చల్లారిపోయింది. కళ్ళు మూసుకుని పంపించి, కారు తీశాను.

పది నిమిషాలు కాలేదు, ఫోన్ మోగింది. సిండెల్‌ఫింగెన్‌లో ఉండే రమణగారు. భీమవరం మనిషి, మా ఇంటికి పది నిమిషాల దూరం, పండగలకు కలుస్తుంటాం. నేను నడుపుతున్నాను కాబట్టి కారు స్పీకర్లోనే ఎత్తాను.

"రాజేందర్ గారూ, ఇప్పుడే చూశానండీ. మీకేనాండీ ఇల్లు?"

"మాకేనండీ."

"అయ్య బాబోయ్. ఎప్పట్నుంచండీ?"

"నెలన్నరవుతోందండీ."

"ఎంత పని చేశారండీ. మా కింది వాటా ఖాళీ అయితే మా ఓనరమ్మ పోయిన నెల నన్నే అడిగిందండీ. మీలాంటి కుటుంబం ఎవరన్నా ఉంటే చెప్పు, వేరేవాళ్ళకివ్వను అని. మూడు గదులు. ఎవరూ లేరండీ అని చెప్పేశాను. అందరికీ మీరే చూసిపెడతారు కదా, మీకు కావాలని ఎలా అనుకుంటానండీ? మొన్న ఆదివారమే అందులోకి ఎవరో వచ్చేశారు."

"పర్లేదండీ," అన్నాను. ఇంకేమంటాను?

"పర్లేదేంటండీ, నేను కనుక్కుంటాను, నలుగురికీ చెప్తాను," అని ఆయన పెట్టేశారు.

రోడ్డు మీదే చూపు పెట్టి, స్వప్న ఏమంటుందోనని కాచుకున్నాను. అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండనుకున్నాను. మూడు గదులు, మేధ బడికి, మా ఆఫీసుకు దగ్గర, అడిగుంటే మాదయ్యే ఇల్లు.

ఆమె వెనక్కి వంగి మేధ దగ్గర్నుంచి బొమ్మల నోట్‌బుక్ తీసుకుంది. ఖాళీ పేజీ తిప్పి, పెన్సిల్ పట్టుకుంది.

"ఇంక ఎవరెవర్ని అడగలేదో చెప్పుండ్రి. రాసుకుంట."

చెప్పడం మొదలుపెట్టాను. మా టీమ్‌లో వాళ్ళు, మేధ టీచరు, నేను అన్‌మెల్డుంగ్ చేయించిన పిల్లలు, పెళ్ళిళ్ళకు వెళ్ళొచ్చిన ఇళ్ళవాళ్ళు, పక్కింటి జర్మన్ ముసలమ్మ. ఒక్కో పేరు చెబుతుంటే, వీళ్ళను కూడానా అన్నట్టు స్వప్న ఒకసారి నావైపు చూసి, రాసుకుని, పేజీ తిప్పేది. కాసెల్ ఊరు దాటాం. ఇంకా పేర్లు అయిపోలేదు.